చెమ్మ తగలని చోటు

అరకులోయ,
12 జూన్ 1989

ఆనందమ్మ గారికి,

మిషన్ ఆసుపత్రి టైపిస్టు తెరిసమ్మ రాయడమేమంటే, మా కంప్యూటరు విషయంలో తమ సలహా కావలసి ఉంది.

అప్పా, పై వాక్యం అయ్య కోసం. మూడేళ్ల తర్వాత నీకు రాయడానికి ఒప్పుకున్నాడు. "ఆసుపత్రి పనైతే రాయి. ఇంటి సంగతులు అక్కర్లేదు" అన్నాడు. అందుకని పనే రాస్తున్నాను. నీ అడ్రసు డాక్టరు సిస్టరు ఇచ్చారు.

పోయిన క్రిస్మస్‌కు విదేశాల దాతలు మా ఆసుపత్రికి కంప్యూటరు పంపారు. పాత కిరసనాయిలు కొట్టు గోడలు మందంగా ఉంటాయని అందులో పెట్టారు. క్షయ రోగుల పేర్లు, ఊళ్లు, ఎవరు ఏ నెల వరకు మందు వాడారో నేను ఎక్కిస్తున్నాను. యంత్రం పక్కన ఇంకో చిన్న పెట్టె ఉంది. అందులో పూజపీఠం మీది పుస్తకమంత కార్ట్రిడ్జి దూరుతుంది. లాగితే బయటికి వస్తుంది. రోగుల పేర్లన్నీ అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు దాతలు కొత్త డాస్ ఫ్లాపీలు, అంటే యంత్రాన్ని నడిపే ప్రోగ్రాము, పంపారు. పాతదాని స్థానంలో కొత్తది ఎక్కించాలట. "నీకు ఇంగ్లీషు వచ్చు కదా, పుస్తకం చదివి చెయ్యి" అన్నారు డాక్టరు సిస్టరు. చదివాను. ప్రతి మాటా అర్థమైంది. ఏం చెయ్యాలో అర్థం కాలేదు. ముందు డిస్కు తనిఖీ చెయ్యమని ఉంది. ఎలా? కొత్తది ఎక్కించేటప్పుడు కార్ట్రిడ్జి పెట్టెలో ఉండాలా, బయట ఉండాలా? పుస్తకంలో లేదు.

వీలైనంత త్వరగా జవాబు రాయి. పని గురించే అయినా సరే.

నీ చెల్లెలు
తెరిసా


విశాఖపట్నం,
21 జూన్ 1989

మహారాజశ్రీ టైపిస్టు గారి సముఖానికి,

ఏటే గుంటా! కవరు మీద నీ చేతిరాత చూసి హాస్టలు మెట్ల మీదే కూలబడ్డాను. వార్డెను పరుగున వచ్చి "ఎవరు పోయారు?" అంది. "ఎవరూ పోలేదండీ, దొరికారు" అన్నాను.

సరే, పని. మా కంపెనీ కంప్యూటరు సెంటర్లో డిస్కులు నీ కార్ట్రిడ్జికి తాతలు. ఒక్కోటి పిడి ఉన్న కేకు డబ్బాలా ఉంటుంది. బీరువాని అడ్డంగా పడుకోబెట్టినంత యంత్రంలో దాన్ని దించి, బిగించి, మూత వేస్తాం. తిరుగుతుండగా మూత తీస్తే ఉద్యోగం ఊడుతుంది. కొలతలు వేరు గానీ మర్యాదలు ఒకటే.

యంత్రంలో చెక్‌డిస్క్ అని టైపు చెయ్యి. అది డిస్కంతా తిరిగి చూస్తుంది. ఏ పేరుకీ చెందకుండా పడి ఉన్న ముక్కలుంటే చెబుతుంది, వాటిని పోగుచెయ్యమంటావా అని అడుగుతుంది. వద్దను. ముందు చూడటమే. చూసింది కాగితం మీద రాసుకో. నకలు తియ్యి. సరిచెయ్యడం ఆ తర్వాత. తొందరపడి సరిచేసినవాళ్లు ఏడవడం నేను కళ్లారా చూశాను. మా సర్వేశ్వరరావు గారు మేనేజరై ఉండి ఒకసారి ఏడ్చారు.

కొత్త డాస్ ఎక్కించే రోజున, బయటికి రాగలిగిందేదీ లోపల ఉండకూడదు. కార్ట్రిడ్జి తీసెయ్. యంత్రానికి కళ్లు లేవు. రాయమన్న చోటల్లా రాస్తుంది. నీ వేలు ఒక్క అక్షరం పక్కకి పడితే నీ రోగుల మీదే రాసేస్తుంది.

ఇక ఇది పని కాదు. అయ్య దగ్గు ఎలా ఉంది? అమ్మ సమాధి దగ్గర నేను నాటిన సిల్వర్ ఓక్ బతికిందా? నువ్వు ఇప్పటికీ ఎవరైనా పలకరిస్తే తలుపు వెనక్కి వెళ్తున్నావా?

నీ అప్ప
ఆనందం


అరకులోయ,
8 జులై 1989

ప్రియమైన అప్పా,

నీ ఉత్తరం వచ్చిన రోజు అయ్య కంచం ముందు కూచుని "సదువు" అన్నాడు. పని తప్ప ఇంకేమన్నా రాశావేమో కనిపెట్టడానికనుకుంటాను. పని ఉన్నంత వరకు చదివాను. మిగతాది మింగేశాను. యంత్రానికి కళ్లు లేవన్న చోట "మళ్లీ సదువు" అన్నాడు. తప్పు పట్టుకోవడానికేమో అని భయపడ్డాను. అన్నం సగంలో వదిలేసి లేచాడు.

తనిఖీ చేశాను. యంత్రం లోపలి డిస్కులో ఎవరివీ కాని ముక్కలు కొన్ని ఉన్నాయి. పోగుచెయ్యనా అని అడిగింది, వద్దన్నాను. కార్ట్రిడ్జి శుభ్రంగా ఉంది. నకలే కుదరలేదు. బీరువాలోని ఫ్లాపీలకు బూజు పట్టింది. కొత్తవి తెప్పిస్తామన్నారు, ఇంకా రాలేదు. జనవరి నుంచి ఎక్కించిన పేర్లన్నీ ఆ ఒక్క కార్ట్రిడ్జిలోనే ఉన్నాయి.

ఇక యంత్రం చుట్టుపక్కల వాతావరణం గురించి రాస్తాను. అది పనే కదా. వానలు మొదలయ్యాయి. సిల్వర్ ఓక్ నా భుజం దాటింది. దగ్గు పొద్దుటి పూట మాత్రమే ఉంది. తలుపు వెనక్కి వెళ్లడం తగ్గలేదు. కొట్టుకి ఒకటే తలుపు, దాని వెనకే నా కుర్చీ.

కిరండోలు పాసింజరు స్టేషన్లో ఆగినప్పుడు కొట్టు కిటికీలోంచి కనబడుతుంది. దిగేవాళ్లను చూస్తాను. గొడుగులు, గంపలు, పనస కాయలు దిగుతాయి. బండి వెళ్లిపోయాక మళ్లీ టైపు చేస్తాను.

తెరిసా


విశాఖపట్నం,
17 జులై 1989

వాతావరణ శాఖ వారికి,

నీ నివేదిక నాలుగుసార్లు చదివాను. భుజం దాటిందంటే ఎవరి భుజం? నువ్వు ఎంత ఎదిగావో నాకు తెలియదు కదా.

నకలు లేకుండా కొత్త డాస్ జోలికి వెళ్లొద్దని చెప్పాలి నేను. చెబితే డాక్టరు సిస్టరు వింటారా? అందుకని వేరే మాట రాస్తున్నాను. నేను వస్తాను. శనివారం ఫ్లాపీలు తీసుకుని పాసింజరెక్కితే నకలు తీసి, కొత్తది ఎక్కించి, తనిఖీ చేసి, ఆదివారం బండికి వెనక్కి వచ్చేస్తాను. ఒక్కరోజు పని. అయ్యని అడుగు. పని కోసమేనని చెప్పు. ఇంట్లో దిగనని కూడా చెప్పు. నర్సుల గదిలో ఉంటాను.

నీకు చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. నువ్వు పాలు తాగే పిల్లవై ఉండగా మన్యం జ్వరం వచ్చిందనీ, ఈ పిల్ల బతికితే పెద్దదాన్ని మఠానికిస్తానని అయ్య కొండ మీది సిలువ దగ్గర మొక్కుకున్నాడనీ ఎన్నిసార్లు విన్నాం! అది తలుచుకుని నువ్వు లోలోపల కుమిలిపోతుంటావని నాకు తెలుసు. మానెయ్. మఠంలో నన్నెవరూ బాధపెట్టలేదు. రెండేళ్లు మోకాళ్ల మీద కూచుని విన్నాను. అందరికీ వినిపించే పిలుపు నాకు వినపడలేదు. వినపడినట్టు నటించడం చేతకాక బయటికొచ్చాను. నా కూతురు దేవుడి దగ్గరుందని ఊరూరా చెప్పుకున్న ఉపదేశి ఆయన. నా పేరెత్తకపోవడంలో తప్పేముంది?

కానీ చెల్లీ, మన వాకిట్లో నిలబడి చలికి వణకాలని ఉంది. ఇక్కడ చెమట తప్ప ఏమీ లేదు.

అడుగు.

ఆనందం


అరకులోయ,
1 ఆగస్టు 1989

ప్రియమైన అప్పా,

అడిగాను. మూడు రోజులు ధైర్యం కూడగట్టుకుని అడిగాను. అయ్య చెయ్యి కడుక్కుంటున్నాడు. ఒక్కరోజు పనేననీ, నర్సుల గదిలో ఉంటావనీ చెప్పాను. చెంబు కింద పెట్టి "అక్కర్లేదు. ఉత్తరంలో రాయమను" అన్నాడు. వాకిట్లోకి వెళ్లిపోయాడు.

ఇంకోసారి అడగాల్సింది. ఆయన వదిలిన చెంబు తీసుకుని లోపలికి వెళ్లాను.

దాతల మనిషి సెప్టెంబరులో వస్తాడట. అప్పటికి కొత్త డాస్ ఉండాలని డాక్టరు సిస్టరు పట్టుబట్టారు. ఈ నెలలోనే ఎక్కించాలి. తెల్లారేసరికి కొట్టులో యంత్రం మూత మీద వేలితో పేరు రాయొచ్చు, అంత చెమ్మ. కార్ట్రిడ్జి బయటికి తీశాక ఎక్కడ ఉంచాలో రాయి.

నీ ఉత్తరంలో అడిగినదానికి జవాబు. నా భుజమే. అమ్మ ఎత్తుకు వచ్చానని అచ్చియమ్మ అంటుంది. అచ్చియమ్మ అంటే ఇప్పుడు మనింట్లో వంట చేసే ఆవిడ.

తెరిసా


విశాఖపట్నం,
9 ఆగస్టు 1989

టైపిస్టు గారికి,

ఉత్తరంలో రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. అయ్యకి పూర్తిగా చదివి వినిపించవచ్చు. ఇందులో పని తప్ప ఏమీ లేదు.

మొదట కార్ట్రిడ్జి బయటికి తియ్యండి. ఆ పెట్టె తీగ కూడా యంత్రం నుంచి ఊడదీయండి. పాత డాస్ ఫ్లాపీ ఒకటి విడిగా దాచండి, ఎదురు తిరిగితే వెనక్కి వెళ్లడానికి. కొత్తది ఎక్కించాక కొత్తదానితో వచ్చిన చెక్‌డిస్కే వాడండి. అంతా సవ్యంగా ఉందని రూఢి అయ్యాకనే తీగ తగిలించి, కార్ట్రిడ్జి పెట్టండి. పెట్టిన వెంటనే దాన్నీ తనిఖీ చెయ్యండి. ఈ పనులు ఒకటి పూర్తికాకుండా ఇంకోటి చెయ్యవద్దు.

కార్ట్రిడ్జిని ఆ కొట్టులో వదలవద్దు. వేరే నకలు లేదు. దానికి చెమ్మ తగలకూడదు. ఇంటికి తీసుకెళ్లి, చెమ్మ తగలని చోటు చూసి ఉంచండి.

మా కంపెనీ బొంబాయిలో కొత్త సెంటరు తెరుస్తోంది. వెళ్లేవాళ్లు పేర్లివ్వమన్నారు. ఇంకా ఇవ్వలేదు.

ఆనందమ్మ


అరకులోయ,
28 ఆగస్టు 1989

అప్పా,

కొత్త డాస్ ఎక్కింది. నువ్వు రాసిన వరసలోనే చేశాను. ఒక్కచోట మాత్రం ప్రాణం పోయినంత పనైంది. అలవాటుకొద్దీ పాత ఫ్లాపీలోని చెక్‌డిస్క్‌ని పిలిస్తే వెర్షను తప్పని మొరాయించింది. నీ ఉత్తరం మళ్లీ తీసి చూసి, కొత్తదాన్ని పిలిచాను. లోపలి డిస్కు బాగుందని చెప్పింది. సంతోషం పట్టలేక కొట్టులో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

తర్వాత కార్ట్రిడ్జి కోసం ఇంటికి వెళ్లాను.

నా రేకు పెట్టెలో బట్టల మధ్య పెట్టాను దాన్ని. అక్కడ లేదు. ఇల్లంతా వెతికాను. చివరికి వంటింట్లో కనబడింది. పొయ్యి మీద దూలాలకు వేలాడే తడిక ఉంది చూడు, మొక్కజొన్న పొత్తులు, సామ విత్తనాలు దాచిన సొరకాయ బుర్రలు పెట్టేది. ఆ బుర్రల మధ్య ఉంది. మసి పట్టి నల్లగా ఉంది. ఒక మూల మెత్తబడి ఒంగిపోయింది.

"ఇది ఇక్కడెవరు పెట్టారు?" అని అచ్చియమ్మని అడిగాను.

"ఇంకెవులు? మీ అయ్యే ఎట్టాడు. నానేమో వంటయ్యాక పొయ్యి ఆర్పేత్తే కేకలు. మంట ఆరకుండా సూసుకోమన్నాడు రోజూ. ఎందుకో నాకేటి ఎరిక?"

మంట ఆరకుండా చూసుకోమన్నాడట. అది ఏమిటో ఆయనకు తెలుసు. నువ్వు ఉంచమన్నావని తెలుసు. నేనే చదివి వినిపించాను.

అయ్య హుకుంపేట వైపు ఊళ్లకు వెళ్లాడు. ఇంకో వారం గానీ రాడు. వచ్చినా నేను అడగను. ఏమని అడగను?

మసి తుడిచి, కొట్టుకి తీసుకెళ్లి యంత్రం పక్క పెట్టెలో పెట్టబోయాను. దూరలేదు. రోగుల చీట్లు వాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి, ఆ కొండల మీద. అవి చూస్తే తప్ప ఎవరి మందు ఎప్పటితో ఆగాలో ఎవరికీ తెలియదు. మంగ్లు అని మా వార్డు మనిషి టీ తెచ్చిచ్చి "ఏడవకమ్మా, మిషనే కదా" అన్నాడు.

నువ్వు బొంబాయికి పేరివ్వకు.

తెరిసా


విశాఖపట్నం,
4 సెప్టెంబరు 1989

చెల్లీ,

ఇంకోసారి దాన్ని పెట్టెలో దూర్చే ప్రయత్నం చెయ్యకు. మసి ఒక్క రేణువు లోపల పడినా చదివే మొన గీసుకుపోతుంది, పెట్టె కూడా పాడవుతుంది. మా సెంటర్లో అలాంటి పెట్టెలు రెండున్నాయి. ఒకటి ఎలాగూ పారేయబోతున్నారు, దానిలో పెట్టి చూస్తాను. మెత్తటి గుడ్డలో చుట్టి, నమ్మకమైన మనిషితో పంపు.

పని అయిపోయింది. ఇది ఇంటి సంగతి. వినిపించాలంటే వినిపించు, మానాలంటే మాను.

నన్ను ఇంటికి రానివ్వకపోతే భరించాను. నా పేరెత్తకపోతే భరించాను. నేను రాసిన నాలుగు పని ముక్కల వల్ల ఒక్క వస్తువు ఆ ఇంట్లోకి వచ్చింది. దాన్ని కూడా పొయ్యి మీద పెట్టాలా? అందులో ఉన్నవి నా పాపాలు కావే, రోగుల పేర్లు!

మఠంలో కొత్తగా చేరినవాళ్లను చూసుకునే సిస్టరు అనేవారు, తండ్రి కోపం వర్షంలాంటిది, వెలిసిపోతుందని. ఆవిడ మన కొండల్లో ఉండి చూడలేదు. మూడేళ్లుగా ఒకటే వాన.

బొంబాయికి పేరిచ్చాను. అక్టోబరు మొదటికి వెళ్లాలి. కాగితం మీద సంతకం వచ్చే సోమవారం. అక్కడి నుంచి నీకు రాస్తాను. అయ్య ఒప్పుకుంటేనే సుమా.

పోయిన వారం నిన్ను కలలో చూశాను. నువ్వు ఇంకా గౌనులోనే ఉన్నావు. అమ్మ ఎత్తుకు వచ్చినదాన్ని ఎలా ఊహించుకోవాలో తెలియలేదు.

ఆనందం


అరకులోయ,
11 సెప్టెంబరు 1989

అప్పా,

సంతకం పెట్టకు. ఈ ఉత్తరం ఆలస్యంగా అందుతుందేమో, అయినా రాస్తున్నాను. సంతకం పెట్టకు.

అయ్య ఊళ్ల నుంచి శనివారం వచ్చాడు. నీ ఉత్తరం ఉందని విని, కంచం ముందు కూచుని "సదువు" అన్నాడు. ఈసారి ఏమీ మింగలేదు. మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాను. నా గొంతు అంత గట్టిగా రావడం నేనే ఎప్పుడూ వినలేదు.

పొయ్యి మాట దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది.

"అదేటి? నాను తగలెట్టానంటాదేటి?"

"మరి పొయ్యి మీద ఎందుకు పెట్టావయ్యా?"

"సెమ్మ తగలకూడదని రాసింది కదేటి! నువ్వే సదివావు. నీ రేకు పెట్టెలో బట్టలకే బూజడతంది. ఈ వానల్లో మనింట్లో సెమ్మ తగలని సోటు ఇంకెక్కడుంది? ఇత్తనం బతికేది అక్కడే కదా. మీ అప్ప పంపిన మాట, దానికి లోటు రాకూడదని మంట కూడా ఆరనివ్వలేదు."

ఆయన నన్నే తప్పుపడుతున్నట్టు చూశాడు. అప్పా, ఈ కొండల మీద బతికేవాళ్లెవరైనా అదే చోటు చూపిస్తారు. నాకే ఎందుకు తట్టలేదో.

నేను ఊరుకోలేదు. "మరి ఒక్కరోజు వస్తానంటే ఎందుకు వద్దన్నావు?" అన్నాను.

అచ్చియమ్మ పిలవకుండానే మజ్జిగ తెచ్చి, చూసి, వెనక్కి తీసుకెళ్లిపోయింది.

"వత్తే ఒక్కపూటలో సేసేసి ఎలిపోద్ది" అన్నాడు. "పనయిపోతే ఇంకేటి రాత్తాది? ఉత్తరాలైతే వత్తానే ఉంటాయి గదా."

యంత్రానికి కళ్లు లేవన్న మాట మళ్లీ చదవమన్నాడని రాశాను కదా. ఎందుకని అడిగాను. "అచ్చం నా పెద్ద గుంట మాటలాగే ఉంది" అన్నాడు. రాసింది అప్పే కదయ్యా అంటే, "అవును, అందుకే" అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. వచ్చేసరికి ఆయన కార్ట్రిడ్జిని ఆదివారం పూజకు వేసుకునే తెల్ల కండువాలో చుడుతున్నాడు. నమ్మకమైన మనిషి అని రాశావు. మంగ్లుని పంపుదామన్నాను. "వాడా! సొరంగంలో బండి ఆగితే పడుకుంటాడు" అన్నాడు.

ఈ మధ్యాహ్నం బండెక్కాడు. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా కూచోలేదు. జల్లు పడుతుందని మధ్యలో కూచుని కండువా మూట ఒళ్లో పెట్టుకున్నాడు. బండి కదిలాక "అడ్రసు మళ్లీ సెప్పు" అని అరిచాడు. నేను ప్లాట్‌ఫారం మీద పరిగెడుతూ, అందరూ వింటుండగా, అరిచి చెప్పాను.

తెరిసా


విశాఖపట్నం,
14 సెప్టెంబరు 1989

చెల్లీ,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. అయ్య అంతకుముందే వచ్చాడు. ఉత్తరం లేకుండా మనిషిని చూశాను కాబట్టి ముందు ఏమీ అర్థం కాలేదు. హాస్టలు గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన్ని ఎవరి తాలూకా అని అడుగుతున్నాడు. "ఆనందమ్మ తండ్రిని" అన్నాడు. నేను మెట్ల మీదే విన్నాను. ఎన్నాళ్లయిందే ఆ మాట విని!

నన్ను చూసి మూట ముందుకు చాపాడు. "సూడు, నా వల్లే పోయింది" అన్నాడు. అంతే.

మర్నాడు పొద్దున్న సెంటరుకి తీసుకెళ్లాను. గాజు తలుపు బయట అందరం చెప్పులు విప్పుతాం. ఆయనా విప్పాడు, తలపాగా కూడా తీసేశాడు, గుళ్లోలాగ. లోపల ఏసీ చలికి రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇంత సలిలో ఉంచుతారేటి వీటిని?"

"అవునయ్యా."

"మరి ఎచ్చగా ఉండక్కర్లేదా?"

"పొడిగా ఉంటే చాలు."

"ఎచ్చగా లేకుండా పొడిగా ఎలాగుంటాది?" అని సర్వేశ్వరరావు గారిని అడిగాడు. ఆయన నవ్వబోయి, నా మొహం చూసి, ఏసీ యంత్రం దగ్గరికి తీసుకెళ్లి గాలిలోంచి అది పిండిన నీళ్లు బయటికి కారడం చూపించారు. అయ్య వేలితో ముట్టుకుని చూశాడు. "ఇది మనింట్లో ఉంటే బాగుణ్ను" అన్నాడు.

కార్ట్రిడ్జి పైతొడుగు ఒంగిన మూల గీకి, మసి ఊది, పారేయబోయే పెట్టెలో దూర్చాను. సరిచెయ్యమనలేదు, చూడమని మాత్రమే అడిగాను. కాసేపు గరగరలాడింది. తెర మీద మొదటి పేర్లు వచ్చాయి. అయ్య కూచున్న చోటు నుంచి లేచాడు. తర్వాత పెద్ద గీరుడు చప్పుడు, చదవలేనని ఒక వాక్యం. మళ్లీ ప్రయత్నించాను. అదే వాక్యం. తిరగడం ఆపించి బయటికి తీశాను. లోపల తిరిగే పళ్లెం మీద చుట్టూ గీత పడింది. ఇక దానిలోంచి ఏమీ రాదు చెల్లీ. డాక్టరు సిస్టరుకి నేను విడిగా రాస్తాను. తప్పు నీది కాదనీ, చెమ్మ తగలని చోటు అంటే ఏమిటో విడమరిచి రాయని నాదనీ.

అయ్య కార్ట్రిడ్జిని మళ్లీ కండువాలో చుట్టాడు. బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాక అడిగాడు.

"ఇప్పుడేటి సెయ్యాల?"

"ఊరూరా తిరగాలి. రోగుల చీట్లు చూసి జనవరి నుంచి మళ్లీ రాసుకోవాలి. అవన్నీ మళ్లీ ఎక్కించాలి. ఈసారి రెండు నకళ్లు తియ్యాలి."

"సిన్నది తిరగలేదు. కొత్తోళ్లు కనబడితే గోడకి అంటుకుపోద్ది."

"అవును."

"నాను ఊళ్లు సూపిత్తాను. రాయడానికి నాకు కళ్లు ఆనట్లేదు." కొంతదూరం నడిచాక, నా వైపు చూడకుండా అన్నాడు: "బేగి సెలవెట్టు."

నేను నడక ఆపేశాను. రోడ్డు మధ్యలో రిక్షావాడు తిట్టాడు. అంత రోడ్డు మీద అయ్య నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. మొక్కు సంగతి నేను ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు. "ఆ మాట దేవుడికిచ్చింది నాను. నిన్ను అడిగి ఇవ్వలేదు. దాని సంగతి ఆయనా నానూ సూసుకుంటాం. నువ్వు మధ్యలో నిలబడకు, బళ్లొత్తన్నాయి."

బొంబాయి కాగితం మీద సోమవారమే సంతకం చేశాను. ఇవాళ వెళ్లి వెనక్కి తీసుకున్నాను. సర్వేశ్వరరావు గారు నెల సెలవు కాగితం మీద సంతకం పెట్టి, ఫ్లాపీల పెట్టె చేతిలో పెట్టారు.

సాయంత్రం నేను బట్టలు సర్దుతుంటే అయ్య చెప్పకుండా స్టేషనుకి వెళ్లి టిక్కెట్లు తెచ్చాడు. చూశాను. నాకు తిరుగు ప్రయాణానికి తియ్యలేదు. "నెల దాటితే నేను వెనక్కి రావాలి కదయ్యా, దానికీ తియ్యాల్సింది" అన్నాను.

"అది అప్పుడు సూద్దాంలే" అన్నాడు.

ఆనందం